రక్తదాన క్యాంపులకు వేసవి సెలవులు వద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

జూన్ 14న, ప్రపంచ రక్తదాతల దినోత్సవం నాడు మా తెనాలిలో ఒక సేవా క్లబ్బు పెట్టిన మెగా రక్తదాన శిబిరం వార్త మీ జిల్లా పేజీలో ఫోటోతో సహా వచ్చింది. ఆ రోజు రక్తం ఇచ్చినవాళ్లలో నేనూ ఒకణ్ని. కల్యాణమండపంలో వరసగా మంచాలు, బయట షామియానా కింద పేర్లు రాసుకునే బల్ల, ఇచ్చి లేచినవాళ్లకు పండ్లరసం, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్. ఏర్పాట్లలో వంక పెట్టడానికేమీ లేదు. అయినా చేతిలో పెట్టిన బంతి నొక్కుతూ పడుకున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఈ వరసలో ఉన్నవాళ్లు ఓ పదిమంది మూడు వారాల ముందు దొరికి ఉంటే ఎంత బాగుండేది!

మా అక్క మనవడికి తొమ్మిదేళ్లు. తలసేమియా. వాడి ఒంట్లో రక్తం సరిగా తయారవదు కాబట్టి మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే. మే నాలుగో వారంలో తేదీ వస్తే నేనే తీసుకెళ్లాను. బ్లడ్ బ్యాంకులో గోడకున్న బోర్డు మీద గ్రూపుల పేర్లు, వాటికి ఎదురుగా చాక్‌పీసుతో వేసిన అంకెలు ఉన్నాయి. ఓ పాజిటివ్ ఎదురుగా సున్నా. ఏ అరుదైన గ్రూపో అయితే అనుకోవచ్చు, ఇది మన చుట్టూ చాలామందికి ఉండే గ్రూపు. కౌంటర్లో అమ్మాయి "డోనర్ని తెచ్చుకోండి సార్" అంది. తలసేమియా పిల్లలకు బదులు దాతను అడగకుండా రక్తం ఇవ్వాలని ఆ అమ్మాయికీ తెలుసు. ఫ్రిజ్‌లో లేనిది ఎక్కణ్నుంచి తెచ్చిస్తుంది? నాదీ అదే గ్రూపు. కానీ మార్చి రెండో వారంలో ఇచ్చాను, ఇంకా మూడు నెలలు నిండలేదు.

రెండు రోజులు తిరిగాం. మూడో రోజుకి పిల్లాడు మంచం దిగలేదు. పెదాలు పాలిపోయాయి. "తాతయ్యా, ఇవాళైనా ఎక్కిస్తారా?" అని అడిగాడు. సూది పొడుస్తారంటే ఆ వయసు పిల్లలు మంచం కింద దాక్కుంటారు. వీడు దానికోసం ఎదురుచూస్తున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదండీ.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది ఒక క్లబ్బు సభ్యుడే. సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుకునే కుర్రాడు. అతని దగ్గర పొడుగాటి రూళ్ల పుస్తకం ఒకటి ఉంది. ఒక్కో గ్రూపుకీ కొన్ని పేజీలు, ప్రతి పేరు పక్కనా చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ. మగవాళ్లయితే మూడు నెలలు, ఆడవాళ్లయితే నాలుగు నెలలు కలిపి, మళ్లీ ఎప్పుడు ఇవ్వొచ్చో పెన్సిల్‌తో రాసుకుంటాడు. ఆ పుస్తకం ముందు పెట్టుకుని ఆరుగురికి ఫోన్ చేశాడు. ఒకరు ఊళ్లో లేరు, ఒకరికి జ్వరం, ఒకరు ఎత్తలేదు. అలా ఆరూ అయిపోయాయి. ఏడోవాడు ఆర్టీసీ కండక్టర్. నైట్ డ్యూటీ దిగి, ఇంటికెళ్లి ఇంత తిని, కాసేపు పడుకుని, మధ్యాహ్నం ఎండలో బండి మీద వచ్చి ఇచ్చి వెళ్లాడు. ఆయనకు సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు లేరు, ఫోటో తీసినవాళ్లూ లేరు.

నేను సేవా క్లబ్బుల్ని వేలెత్తి చూపడానికి రాయడం లేదు. ఇరవై రెండేళ్లుగా అలాంటి ఒక క్లబ్బులో సభ్యుణ్ని, రెండుసార్లు కార్యదర్శిగా చేశాను. మన ఊళ్లలో కంటి ఆపరేషన్ల క్యాంపులు, చలివేంద్రాలు, కృత్రిమ కాళ్ల పంపిణీ, చివరికి శవాన్ని ఉంచే ఫ్రీజర్ బాక్సు దాకా ఎన్నో ఈ క్లబ్బుల చలవే. నేను అడిగేది ఒక్కటే. క్యాంపు ఎంత పెద్దది పెట్టామన్నది కాకుండా, ఏ నెలలో పెట్టామన్నది చూడమని.

ఈ చిక్కు ఎక్కడుందో లోపలివాడిగా చెబుతాను. లయన్స్‌కైనా రోటరీకైనా ఏడాది జూలై 1న మొదలై జూన్ 30తో ముగుస్తుంది. కొత్త అధ్యక్షుడు వచ్చిన ఊపులో జూలై, ఆగస్టుల్లో క్యాంపులు పడతాయి. అక్టోబరు 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం, మర్నాడు గాంధీ జయంతి, అప్పుడొకటి. నాయకుల పుట్టినరోజులకీ, సినిమా హీరోల పుట్టినరోజులకీ అభిమానులు పెట్టేవి వేరే. మార్చి వచ్చేసరికి కాలేజీ పిల్లలకు పరీక్షలు, ఆ తర్వాత సెలవులు. క్యాంపుల్లో ఎక్కువమంది దాతలు వాళ్లే. ఎండలు ముదిరాక పెద్దవాళ్లూ బయటికి రారు. పాత కార్యవర్గం అప్పటికే అలసిపోయి ఉంటుంది, పైకి పంపాల్సిన రిపోర్టులో యూనిట్ల లెక్క ఎప్పుడో నిండి ఉంటుంది. కార్యదర్శిగా ఆ రిపోర్టు నేనూ రాశాను. అందులో మొత్తం ఎన్ని యూనిట్లని అడుగుతారు, ఏ నెలలో ఎన్నని అడగరు.

రక్తం బియ్యం బస్తాలా దాచుకునేది కాదు. మామూలు సంచిలో అయితే ఎర్రకణాలు 35 రోజులు నిలవుంటాయి, ప్రత్యేక ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లు అయితే 5 రోజులే. ఒకే రోజు వందల సంచులు వచ్చి పడితే వాడకానికి మించినవి గడువు దాటి పారబోయాల్సిందే. ఇంకో నష్టం కూడా ఉంది. ఆ రోజు ఇచ్చినవాళ్లంతా ఒకేసారి మూడు నాలుగు నెలలు మళ్లీ ఇవ్వడానికి వీల్లేకుండా పోతారు. ఊళ్లో ఉన్న దాతలందరినీ ఒక్క పూటలో వాడేసుకున్నట్టు.

రక్తం లేని రోజుల్లో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం దేశమంతటా నిషేధం, అది సరైనదే. కానీ బోర్డు మీద సున్నా కనిపించి, లోపల మనిషి ప్రాణం మీద ఉంటే, "మీ బంధువునని చెప్పి ఇస్తాను, ఇంత ఇవ్వండి" అనేవాడు గేటు దగ్గర తయారవుతాడు. మా దగ్గరికీ ఒకడు వచ్చాడు. మా అక్క చేతి గాజు తీయబోయింది. నేనే వద్దన్నాను. ఇంకో రోజు గడిస్తే వద్దనేవాణ్నో కాదో నాకు తెలియదు.

పోలియో సంగతి గుర్తు చేసుకుందాం. రోటరీ ఆ పని 1985లో నెత్తికెత్తుకుంది. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్లో నమోదైంది, 2014 మార్చి 27న మన దేశంతో సహా ఆగ్నేయాసియాకు పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరణ వచ్చింది. ఆదివారం బూత్‌లో చుక్కలు వేసి ఊరుకుంటే అది సాధ్యమయ్యేదా? తర్వాతి రోజుల్లో ఇంటింటికీ తిరిగి, తలుపు మీద సుద్దతో గుర్తు వేసి, తాళం వేసి ఉన్న ఇంటికి మళ్లీ వెళ్లారు. మా క్లబ్బు వాళ్లమూ ఇటుక బట్టీల దగ్గరికి సైకిళ్ల మీద వెళ్లాం. ఆ ఓపిక మన క్లబ్బులకు తెలియనిది కాదు.

జూన్ 14న చూసిన ఇంకో విషయం. నా వెనకాల వరసలో డిగ్రీ చదివే అమ్మాయిలు ఐదారుగురు ఉన్నారు. వేలు మీద సూదితో గుచ్చి, రక్తపు చుక్కను నీలం ద్రావణంలో వేస్తారు. చుక్క మునిగితే ఇవ్వొచ్చు, తేలితే హిమోగ్లోబిన్ తక్కువున్నట్టు. ఒకమ్మాయి చుక్క తేలింది. "నీకే లేదమ్మా, నువ్వేం ఇస్తావు" అన్నారు అక్కడున్నాయన. మనసులో ఏమీ లేకుండానే అన్నాడు, కానీ ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయింది. ఆమె మళ్లీ ఏ క్యాంపుకైనా వస్తుందా? హిమోగ్లోబిన్ 12.5 ఉంటేనే రక్తం తీసుకోవాలి, అంత లేదు కాబట్టి తీసుకోకపోవడం సరైనదే. ఆ పక్కనే ఒక బల్ల వేసి, చీటీ మీద అంకె రాసిచ్చి, ఆరోగ్య కేంద్రంలో ఐరన్ మాత్రలు అడగమని చెప్పి, మూడు నెలలాగి ఫోన్ చేస్తే ఆమె ఆరోగ్యమూ బాగుపడుతుంది, మనకో దాతా మిగులుతుంది. క్లబ్బు సభ్యుల ఇళ్లలోని ఆడవాళ్లు ఈ పని చక్కగా చేయగలరు.

మరో రెండు వారాల్లో కొత్త కార్యవర్గాలు ప్రమాణ స్వీకారం చేస్తాయి. ఏడాది కార్యక్రమాల క్యాలెండర్ వేసుకునేది అప్పుడే. మా ఊళ్లో లయన్స్, రోటరీ, వాసవీ క్లబ్బులు ఉన్నాయి, కాలనీ సంఘాలు ఉన్నాయి. అందరూ ఒక్కసారి కూర్చుని నెలలు పంచుకోవాలి. క్యాంపు పెట్టేముందు బ్లడ్ బ్యాంకును అడగాలి, మీకు ఇప్పుడు ఎన్ని కావాలి, ఏ గ్రూపులు కావాలని. ఏప్రిల్, మే నెలల్లో వారానికొక చిన్న క్యాంపు, సాయంత్రం ఐదు దాటాక, పాతికమంది దాతలు చాలు. బస్ డిపో, రైస్ మిల్లు, బట్టల కొట్ల బజారు, ఎక్కడ మనుషులుంటే అక్కడికే వెళ్లాలి. రూళ్ల పుస్తకం లాంటిది ప్రతి క్లబ్బులో ఒకటి ఉండాలి, అధ్యక్షుడు మారినా అది మారకూడదు.

మీ పత్రికకూ ఒక విన్నపం. మెగా క్యాంపు ఫోటో వేసినట్టే మే నెలలో పాతికమంది ఇచ్చిన క్యాంపు ఫోటో కూడా వేయండి. క్యాంపు జరగకముందే చిన్న ప్రకటన వేస్తే ఇంకా మేలు. క్లబ్బు వాళ్లు పేపర్లో రావడాన్ని ఎంత పట్టించుకుంటారో నాకు తెలుసు, అందులో తప్పేమీ లేదు.

నాకిప్పుడు యాభై ఎనిమిది. 65 ఏళ్ల దాకా ఇవ్వొచ్చు. లెక్క ప్రకారం సెప్టెంబరు 14కి నా మూడు నెలలు నిండుతాయి. కానీ ఈసారి అక్టోబరు ఆఖరు దాకా ఆగుతున్నాను. దాని తర్వాతది జనవరి ఆఖర్లో ఇస్తాను. అప్పుడు మే మొదటి వారానికి మళ్లీ నా వంతు వస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
తెనాలి