నీళ్లు తీశాక రావలసిన సాయం

సంపాదకులకు నమస్కారం.

మా ఇంటి వరండా గోడకు 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద వదిలి వెళ్లిన చార, రెండుసార్లు సున్నం వేయించినా, నా భుజం ఎత్తున ఇంకా పసుపుగా కనిపిస్తూనే ఉంది. వానాకాలం వస్తే మా విజయవాడ అజిత్‌సింగ్ నగర్‌లో ఎవరి చూపైనా ముందు అలాంటి చార మీదికే పోతుంది. విపత్తు వచ్చినప్పుడు పెద్ద కంపెనీల ఉద్యోగులు తమ జీతాల్లోంచి చందాలు వేసుకోవడం, యాజమాన్యం దానికి మరికొంత కలపడం, ఆ మొత్తంతో ఏ దేశానికైనా సాయం పంపడం ఇప్పుడు మామూలైంది. ఆ సాయం అందుకున్న వాడిగా దాని గురించి కొంత చెప్పదలచాను.

డాబా మీద గడిపిన ఆ రోజుల్లో పడవలో మాకు అందిన పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు ఎవరి జీతంలోవో నాకు తెలియదు. ఎవరివైనా వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మెయిన్ రోడ్డు వాళ్లకు ఒకే పూట మూడుసార్లు పులిహోర పొట్లాలు అంది, లోపలి సందుల్లో వాళ్లు ఖాళీ గిన్నెలతో ఎదురుచూసిన మాట నిజమే గాని, అంత నీళ్లలో దానికి ఎవరినీ తప్పుపట్టలేము.

నా బాధ నీళ్లు తీసిన తరువాతి సంగతి. మా పక్కింటావిడ జాకెట్లు కుట్టి ఇల్లు గడుపుకుంటుంది. ఆమె కుట్టుమిషన్ రోజుల తరబడి నీళ్లలో మునిగి, చక్రం తిరగకుండా బిగుసుకుపోయింది. స్టవ్ బర్నర్లలో బురద గట్టిపడింది. అప్పుడే ఒక కంపెనీ ఉద్యోగులు పదిహేను మంది దాకా వచ్చి, ఇంటికొక సంచి చొప్పున బియ్యం, కందిపప్పు ఇచ్చి, బ్యానర్ ముందు అందరినీ నిలబెట్టి ఫొటో తీసుకున్నారు. ఆ బియ్యం వండుకోవడానికి ఆమె మా ఇంటికి రావలసి వచ్చింది. వచ్చినవారిలో సగం మంది మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవారేనని తరువాత మాటల్లో తెలిసింది. ఒక టెస్టరు, నాలుగు పానాలు, ఒక సీసా మిషన్ నూనె వెంట తెచ్చుకొని ఉంటే ఆ సాయంత్రానికి మా సందులో సగం మోటార్లు, మిషన్లు తిరిగేవి. చివరికి ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్లకు ఇచ్చిన 25 వేల రూపాయల్లోంచే ఆమె మిషన్ బాగుచేయించుకుంది.

తమ వృత్తినే సాయంగా ఇచ్చే పద్ధతి లేకపోలేదు. సరకు రవాణా చేసే డీహెచ్‌ఎల్ సంస్థ 2005 నుంచి ఐక్యరాజ్యసమితితో కలిసి, విపత్తులు వచ్చిన దేశాల విమానాశ్రయాలకు తన ఉద్యోగుల బృందాలను పంపుతోంది. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం తరువాత ఈ బృందం కాఠ్మండులోనూ పనిచేసింది. సరకు దించడం, వేరుచేయడం, లెక్క రాయడం వారు రోజూ చేసే పనులే కాబట్టి వాటిని కొత్తగా నేర్పనక్కరలేదు.

డబ్బు విషయంలోనూ కొన్ని చిక్కులున్నాయి. మన గుంటూరు, కృష్ణా జిల్లాల పిల్లలు ఎందరో అమెరికా కంపెనీల్లో ఉన్నారు. భారత పౌరులుగా ఉన్నవారు తమ పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చినా, కంపెనీ తన వంతు కలిపినా అది విదేశీ విరాళమే అవుతుంది. దాన్ని తీసుకోవాలంటే ఇక్కడి సంస్థకు కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత అలా తీసుకున్న సంస్థ ఆ డబ్బును మరో చిన్న సంస్థకు బదలాయించడానికీ వీల్లేదు. కాబట్టి మా పేటలో పనిచేసే, ఆ అనుమతి లేని యువజన సంఘం దాకా అది చేరే దారి లేదు. ఇక్కడి పెద్ద కంపెనీలు చట్టప్రకారం తమ గత మూడేళ్ల సగటు లాభంలో ఖర్చుపెట్టే 2 శాతం సామాజిక బాధ్యత నిధిని విపత్తు సహాయానికి వాడవచ్చు గాని, కేవలం తమ ఉద్యోగుల మేలు కోసం చేసినది ఆ లెక్కలోకి రాదు. మునిగిన ఇళ్లలో వారి సెక్యూరిటీ గార్డు ఇల్లో, క్లర్కు ఇల్లో ఉంటే, తోటి ఉద్యోగులు వేసుకున్న చందాయే వారికి దిక్కు. (అలాంటి ఇంటి తలుపు తట్టినవారు మా వీధిలో నాకు కనిపించలేదు.)

ఈ చందాల వ్యవహారం చూసే ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. వసూలైన దాంట్లో సగాన్ని మొదటి వారంలో ముట్టుకోవద్దు. నీళ్లు తీసిన పది రోజులకు, ఫొటోగ్రాఫరు బదులు వైరింగ్ తెలిసినవారిని, మోటారు విప్పగలిగినవారిని, తడిసిన పత్రాలకు నకళ్ల దరఖాస్తులు రాసిపెట్టగలిగినవారిని తీసుకురండి. ఏ సందులో ఏ ఇంట్లో ఏమి పాడైందో మా వార్డు సచివాలయంలో అడిగి, ఆ జాబితా చేతిలో పట్టుకొని రండి. మధ్యాహ్నం భోజనం మేమే పెడతాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
అజిత్‌సింగ్ నగర్, విజయవాడ