సిరొంచ నుంచి ఆరోగ్య మంత్రిగారికి బహిరంగ లేఖ

మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే సిరొంచ తాలూకా నుంచి ఈ లేఖ రాస్తున్నాను. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు కనుక తెలుగులోనే రాసి, మరాఠీ అనువాదం జతచేస్తున్నాను.

ఇక్కడ ఎవరైనా పాలిపోయి, నాలుగడుగులకే ఆయాసపడితే "ఒంట్లో రక్తం లేదు" అంటారు. మలేరియా, సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు), పోషకాహార లోపం మూడూ ఉన్న జిల్లాలో వైద్యులకు ముందుగా అవే తట్టడం సహజం. 2023 జూలైలో కేంద్రం ప్రారంభించిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కూడా మాకు ఎంతో అవసరమైనదే. అయితే సికిల్ సెల్ లేదని తేలినవారి చేతిలో ఐరన్ మాత్రలు పెట్టి పంపేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. పదహారేళ్ల నా మేనకోడలు మూడు నెలలు ఆ మాత్రలే మింగింది. చిగుళ్ల నుంచి నెత్తురు కారుతోందని, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు లేచాయని, నెలసరి ఆగడం లేదని మా అక్క చెప్పిన ప్రతిసారీ హిమోగ్లోబిన్ ఒక్కటే చూశారు. చివరకు జ్వరంతో నది దాటించి తీసుకెళ్తే, అక్కడ ఎముక మూలుగ పరీక్ష చేసి అప్లాస్టిక్ అనీమియా అన్నారు.

ఈ జబ్బులో రక్తాన్ని పుట్టించే మూలకణాలు నశించి, ఎముకల్లోని మూలుగలో కొవ్వు నిండుతుంది. చాలామందిలో మనల్ని కాపాడవలసిన టి కణాలే ఆ మూలకణాలపై దాడి చేస్తాయి. ఆ దాడికి కారణం ఎక్కువమందిలో దొరకదు. కొందరికి కామెర్లు వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు, మరికొందరికి క్లోరాంఫెనికాల్, కార్బమజెపిన్ వంటి మందుల వల్ల, బెంజీన్ అనే రసాయనం తగలడం వల్ల వస్తుంది. ఎర్ర కణాలు తగ్గితే ఆయాసం, ప్లేట్‌లెట్లు తగ్గితే రక్తస్రావం, తెల్ల కణాలు తగ్గితే విడవని జ్వరం. మలేరియాలోలాగా ప్లీహం పెరగదు. ఐరన్ లోపంలో సాధారణంగా ప్లేట్‌లెట్లు పడిపోవు. మైక్రోలీటరు రక్తంలో న్యూట్రోఫిల్స్ (తెల్ల కణాల్లో ఒక రకం) 500 కన్నా, ప్లేట్‌లెట్లు 20,000 కన్నా తగ్గితే జబ్బు తీవ్రమైనట్టే.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మూలుగ మార్పిడి అవసరం కావచ్చుననుకున్న రోగికి రక్తసంబంధీకుల రక్తం ఎక్కించకూడదు. తర్వాత వారు దానమిచ్చే మూలుగనే రోగి శరీరం తిరస్కరించే ప్రమాదం పెరుగుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో పిల్ల తండ్రీ నేనూ ఆత్రంగా రక్తం ఇచ్చాం.

రక్తహీనతతో పాటు రక్తస్రావం గానీ జ్వరం గానీ ఉన్నవారికి, నెల రోజులు ఐరన్ వాడినా రక్తం పట్టనివారికి, మూడు రకాల కణాల లెక్కా, రెటిక్యులోసైట్ల (కొత్తగా పుట్టిన ఎర్ర కణాల) లెక్కా అదే వారంలో తేలేటట్లు, మూడూ తగ్గినవారిని ఆలస్యం లేకుండా మూలుగ పరీక్షకు పంపేటట్లు సరిహద్దు తాలూకాల గ్రామీణ ఆసుపత్రులన్నిటికీ లిఖితపూర్వక ఆదేశం ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
సిరొంచ తాలూకాకు చెందిన ఒక ఉపాధ్యాయుడు