మన సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడాది చెవి గోలే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి ముగ్గుల పోటీ, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లకు మజ్జిగ, వేసవిలో కాలవలు కట్టేశాక గుర్రపుడెక్క తీయించడం, అన్నీ ఎప్పట్లాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. డెక్క కూలీ దగ్గర కొంత గొడవైంది కానీ తేలిపోయింది, మళ్లీ ఇక్కడ తవ్వను.

చెప్పాల్సింది ఆరోగ్య శిబిరం సంగతి. అది పెట్టడానికి కారణం మన కొబ్బరి ఒలుపు కార్మికుడు ఒకాయన (పేరు రాయొద్దన్నాడు). పొద్దున్నే రాశి దగ్గర ఫోను మోగితే ఎడమ చెవికి పెట్టుకున్నాడు, ఏమీ వినబడలేదు, కుడి చెవికి మారిస్తే మామూలుగానే ఉంది. కాలవలో మునిగినప్పుడు నీళ్లు పోయుంటాయిలే అన్నారు పక్కవాళ్లు, ఒకరైతే వెల్లుల్లి కాచిన నూనె కూడా పోశారు. కాసేపటికి కాయని గునపానికి గుచ్చబోతే చెయ్యి పక్కకి పోతోంది, కళ్లు తిరిగి వాంతి, నిలబడితే ఎడమవైపుకి ఒరిగిపోతున్నాడు. దగ్గర్లో చూపిస్తే గ్యాస్ అని ఇంజక్షన్ వేసి పంపేశారు. సాయంత్రం మూతి వంకరపోతే గానీ ఎవరికీ 108 గుర్తు రాలేదు. చిన్నమెదడుకి వెళ్లే రక్తనాళం మూసుకుపోయిందని, అంటే పక్షవాతమేనని, చివరికి ఎమ్మారైలో తేలింది. ఇప్పుడు నడుస్తున్నాడు, ఆ చెవి మాత్రం రాలేదు.

లోపలి చెవికి రక్తం తెచ్చేది ఒకే ఒక సన్నటి నాళం, అది మామూలుగా ఆ చిన్నమెదడు నాళానికే కొమ్మ, కాబట్టి అక్కడ గడ్డ అడ్డుపడితే కాలూ చెయ్యీ బాగానే ఉండి ముందు చెవే పోవచ్చని శిబిరంలో డాక్టరు గారు చెప్పారు. మామూలు సీటీ స్కాన్‌లో ఇది కనబడకపోవచ్చట కూడా. అలాగని చెవి వినబడని ప్రతివాళ్లూ పక్షవాతమని టెన్షన్ పడక్కర్లేదు, ఉన్నట్టుండి ఒక చెవి పోయినవాళ్లలో ఎక్కువమందికి కారణమే దొరకదు. కానీ వాళ్లూ ఆగకూడదు, స్టెరాయిడ్ మందు మొదటి 2 వారాల్లోపు, ఎంత ముందైతే అంత మేలు. షుగరున్నవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

అందరికీ నచ్చింది మాత్రం ఆ 'మ్‌' పరీక్ష. నోరు మూసుకుని 'మ్‌' అని రాగం తీస్తే, వినబడని చెవిలోనే గట్టిగా మోగితే గులిమిలాంటి అడ్డు అయ్యుండొచ్చు, మంచి చెవిలో మోగితే నరం సంగతి, ఆ రోజే చూపించుకోవాలి. శిబిరం అయ్యాక పిల్లలు వారం రోజులు వీధంతా తుమ్మెదల్లా తిరిగారు. ఇది డాక్టరుకి బదులు కాదు, పొరబడొచ్చు కూడా.

చెవితోపాటు కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, తూలడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం, వీటిలో ఏది ఉన్నా 'మ్‌' అనుకుంటూ కూర్చోకుండా 108. గడ్డ కరిగించే ఇంజక్షన్ని మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇస్తారు, అదీ స్కాన్ తీశాకే. మనం యానాం–ఎదుర్లంక వారధి దాటి కాకినాడ చేరేసరికే అందులో ఎంత పోతుందో మీకు తెలుసు. ఎప్పుడు మొదలైందో టైము కాగితం మీద రాసి పంపండి, డాక్టర్లు మొదట అడిగేది అదే.

కాలవగట్టు మీద అంబులెన్సు తిరగదు కాబట్టి, మనిషిని మెయిన్ రోడ్డు దాకా తేవడానికి ఆటోవాళ్లతో మాట్లాడాం, రాత్రిపూట కూడా వస్తామన్నారు. వాళ్ల నంబర్లు బోర్డు మీద ఉన్నాయి. కొత్త బీపీ మిషను సంఘం గదిలో ఉంది, దయచేసి ఎవరూ ఇంటికి పట్టుకుపోవద్దు. చందా బాకీలు ఉగాదిలోపు కట్టేయండి.