చెయ్యేటి నీళ్ల లెక్క

కడప

పాపా,

ఎట్లున్నావు? ఇక్కడ అందరమూ బాగున్నాం. మందు మార్చినాక జేజికి మోకాళ్ల నొప్పి తగ్గింది, రాత్రిళ్లు నిద్ర పడుతోంది. చెన్నూరు చిన్నాయన వాళ్ల పసుపు ఏపుగా లేచింది. ఇప్పుడు మడిలో నీళ్లు నిలిస్తే దుంప కుళ్లుతుందని రోజూ మబ్బు వైపే చూస్తున్నాడు.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. పనిలో ఉంటావులే అనుకున్నాం. మొన్న సరోజ పిన్నమ్మ వచ్చి, నువ్వు తుపాను వానల మీద రీసెర్చి మానేసి ఏదో ఇన్సూరెన్సు కంపెనీలో చేరుతున్నావని బెంగళూరులో బాబ్జీ ఎవరి దగ్గరో విన్నాడంట అని చెప్పింది. మీ అమ్మకు అప్పటి నుంచి అన్నం సయించడం లేదు. ఆ సంగతి అడగడానికేమీ రాయడం లేదు నేను. పార్శిలు పంపుతున్నామని చెప్పడానికి రాస్తున్నా.

టీవీలో మళ్లీ వాయుగుండం అంటున్నారు. కోస్తావాళ్లకు ఆ మాట వింటే గుండెల్లో రాయి పడుతుంది. మన సీమలో ఆశ్వయుజం, కార్తీకాల్లో ఒక్క వాయుగుండమన్నా పడకపోతే చెరువు నిండదు, బోరులో నీళ్లు ఊరవు. అదే వాన మోతాదు మించితే ఏమవుతుందో మనకు తెలుసు. నువ్వు ఈ పని పట్టుకున్నప్పుడు నాకు సంతోషమైంది అందుకే.

నీ పని గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది. ప్రపంచం మొత్తమ్మీద తుపానుల సంఖ్య పెరిగిందనడానికి గట్టి ఆధారం లేదు. పుట్టినవాటిలో బాగా బలిసేవాటి వాటా మాత్రం గత నాలుగు దశాబ్దాల్లో పెరిగే ఉంటుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం (ఐపీసీసీ) 2021 నివేదిక రాసింది. తుపానుకు తిండి సముద్రపు వేడి. పైన యాభై మీటర్ల లోతు దాకా నీళ్లు 26.5 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికి కింది చల్లనీళ్లను పైకి తెస్తుంది, అందువల్ల దాని బలం తగ్గుతుంది. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చి పోసిన మంచినీళ్లు ఉప్పునీటి మీద పొరగా నిలబడి, వానాకాలం తర్వాత ఆ చిలుకుడుకు అడ్డం పడతాయి, దాంతో తుపాను బలం అంతగా తగ్గదు. ఇక గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. గాలి వేగం మీద శాస్త్రవేత్తలు ఎంతైనా వాదించుకోనీ, వాన పెరగడం మీద అంత వాదన లేదు.

2021 నవంబరు 19 సంగతే చూడు. వచ్చింది తుపాను కూడా కాదు, దానికి పేరూ లేదు. వట్టి వాయుగుండం. ఆ తరగతిలో గాలి గంటకు 50 కిలోమీటర్లు దాటదు. తెల్లవారుజామున పుదుచ్చేరికీ చెన్నైకీ మధ్య తీరం దాటింది. తడిగాలి వచ్చి శేషాచలం, పాలకొండలకు తగిలి పైకి లేచింది, చల్లబడి ఉన్నదంతా ఇక్కడే దించేసింది. నీళ్లు బాహుదాలోకి, పింఛాలోకి దిగినాయి. ఆ రెండూ కలిస్తేనే చెయ్యేరు. పైన పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగింది. కింద అన్నమయ్య ప్రాజెక్టు మొత్తం నిల్వే 2.24 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). స్పిల్‌వే, అంటే గేట్లున్న కాంక్రీటు భాగం, దాటించగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3.2 లక్షలు. ఆ వరదకు ఖాళీ జలాశయమైనా రెండు గంటల్లో నిండుతుంది. గేట్లన్నీ ఎత్తినా సెకనుకు లక్ష ఘనపుటడుగులు లోపల మిగులుతాయి, అవి కట్ట మీదికి ఎక్కాల్సిందే. కాంక్రీటు కాసేపు ఓర్చుకుంటుంది, మట్టికట్ట ఓర్చుకోదు. పైనుంచి దూకే నీళ్లు ముందు కింది వాలులో మట్టిని కోస్తాయి. ఆ కోత వెనక్కి పాకి కట్ట నెత్తికి చేరుతుంది. అక్కడ జానెడు గండి పడితే చాలు, మిగతాది నీళ్లే చూసుకుంటాయి. అన్నమయ్య కట్ట అట్లా తెగి, కింది ఊళ్లు పులపత్తూరు, తొగూరుపేట, మందపల్లి మీద పడినాయి ఆ నీళ్లు. కార్తీక పౌర్ణమి పూట. నందలూరు దగ్గర రైలుపట్టాల కింద మట్టంతా కోసుకుపోయి పట్టాలు గాల్లో వేలాడినాయి. 1977లో దివిసీమను ఉప్పెన ముంచింది కూడా నవంబరు 19నే, కానీ అది సముద్రం ఒడ్డు. సముద్రం ఎక్కడ, మన రాజంపేట ఎక్కడ!

అందుకే ఆ కంపెనీ మాట నా మనసులోంచి పోవడం లేదు. వాళ్లకు కావలసింది పాలసీలున్న చోటి లెక్క, అంటే రేవులు, ఫ్యాక్టరీలు, పెద్ద బిల్డింగులు. పులపత్తూరులో ఎంతమందికి పాలసీ ఉంటుంది? తీరం దాటినాక ఏ కొండ మీద ఏ గంటలో ఎంత కురుస్తుందన్నది నీలాంటోళ్లు చెయ్యకపోతే ఎవరు చేస్తారు? జీతం సంగతి నాకు తెలుసు, స్కాలర్‌షిప్పు ఆలస్యమవుతోందేమో. డబ్బులు కావాలంటే అడుగు, మొహమాటపడొద్దు.

చెప్పకూడదనుకుంటూనే ఒకటి రెండు చెప్తున్నా. వాతావరణ శాఖ వానలెక్కలో ఒక రోజు అంటే పొద్దున 8:30కి ముగుస్తుంది. 19వ తేదీ అని రాసిన వాన చాలావరకు 18న కురిసిందే. నీ కంప్యూటరు మోడల్‌లో రోజు గ్రీనిచ్ అర్ధరాత్రికి, అంటే మన 5:30కి మారుతుంది. ఆ మూడు గంటలు సర్దకుండా పోల్చితే వాన ఒక రోజులోంచి ఇంకో రోజులోకి జారి, మోడలే తప్పనిపిస్తుంది. మామూలు వానమాపకం రోజు మొత్తమే చెబుతుంది, కొండవాగు మాత్రం మూడు గంటల వానతో తేలిపోతుంది. గంటగంటకూ తనంతట తాను రాసుకునే మాపకాలు ఎక్కడున్నాయో ముందు వెతుకు, కొండ మీద ఒకటి దొరికినా విలువైనదే. ఉపగ్రహాలు రాకముందు తుపానుల లెక్కను ఇప్పటి లెక్క పక్కన పెట్టి పెరిగిందనీ తగ్గిందనీ రాయొద్దు. అప్పట్లో ఓడకు ఎదురు పడనిది, ఒడ్డుకు రానిది పుస్తకంలోకే ఎక్కలేదు.

పూణేలో చలి మొదలయి ఉంటుంది. ఆ పాత స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగింది, కొత్తది కొనుక్కో. రాత్రి తినకుండా కంప్యూటరు ముందు కూర్చోవద్దు. పార్శిల్లో చెనిక్కాయల పొడి, రాగిపిండి, అరిసెలు ఉన్నాయి. అరిసెలు రూములో అందరికీ పెట్టు, పొడి మాత్రం తడి చెంచాతో తియ్యొద్దు. మీ అమ్మ నిమ్మకాయ ఊరగాయ కూడా పెడతానంది, కారిపోతుందని నేనే వద్దన్నా.

ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి. జేజి ఎత్తితే కాస్త గట్టిగా మాట్లాడు. కంపెనీలో చేరతావో లేదో అది నీ ఇష్టం, కానీ చెయ్యేటి ఫైళ్లన్నీ ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి నాకు పంపు. ఏ ఫైలులో ఏముందో కాగితం మీద రాసి జత చెయ్యి, ఒట్టి నంబర్లు చూసి నేను పోల్చుకోలేను.

ఇట్లు,
మీ నాయన