కాఫీ కాసేదాకా గిరిజన రైతుకు ఆసరా ఏదీ?

అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీలో గంజాయి తోటలు నరకడంపై ఉన్న శ్రద్ధ, ఆ సాగు మానేసిన గిరిజన రైతు బతుకుదెరువుపై కనిపించడం లేదు. 2021లో పోలీసులు గంజాయి నిర్మూలనకు మొదలుపెట్టిన ఆపరేషన్ పరివర్తనలో వేల ఎకరాల గంజాయి ధ్వంసమైంది, కొన్ని ఊళ్లలో రైతులే ముందుకొచ్చి పీకేశారు. సంతోషమే. కానీ గంజాయికి దళారీ ముందే పెట్టుబడి ఇచ్చి, నెలల్లోనే ఊళ్లోకొచ్చి కొనుక్కుపోతాడు. బదులుగా ఇస్తున్న కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు. అందాకా ఇల్లు గడిచేదెలా? ఇక్కడి వారపు సంతలో ఎప్పుడూ చూసేదే: కొండ మీంచి కావిళ్లలో మోసుకొచ్చిన పసుపు, రాజ్‌మా వర్తకుడు చెప్పిన రేటుకు, అతని తూకానికే పోతాయి. అంత బరువు మళ్లీ కొండెక్కించలేక రైతు సరేనంటాడు. గంజాయి మానేసిన కుటుంబానికి కాఫీ తొలి కాపు వచ్చేదాకా ప్రభుత్వం ఏటా నగదు సాయం చేయాలి. ఆ తోటల్లో గుంతలు తీయడం, నీడ చెట్లు పెంచడం ఉపాధి హామీ పనుల కింద వారికే ఇవ్వాలి. గిరిజనుల పంట కొనే ప్రభుత్వ సంస్థ జీసీసీ (గిరిజన సహకార సంస్థ) ప్రతి సంతలోనూ కాటా పెట్టి, రేటు ముందే బోర్డు మీద రాసి, అదే రోజు డబ్బు చేతికివ్వాలి. పట్టా లేదన్న సాకుతో ఎవరినీ వెనక్కి పంపకూడదు.

- ఒక పాఠకుడు, పాడేరు