47 స్క్రూలు లెక్కపెట్టి ఇచ్చిన పెద్దాయనకు

నిన్న విమానాలు రిపేరు చేసే మా హ్యాంగర్‌లో నా క్లాసు అయిపోయింది. రాత్రి నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

రెండు నెలల కింద నైట్ షిఫ్ట్‌లో ఒక ప్యానెల్‌కి స్క్రూలు పూర్తిగా బిగించకుండానే డ్యూటీ దిగాను. హ్యాండోవర్ బుక్‌లో రాయనూ లేదు. పొద్దున షిఫ్ట్ వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. "ఏదైనా యాక్సిడెంట్ మీద అందరికీ క్లాసు చెప్పు" అన్నారు పైవాళ్లు. నేను 1991 సెప్టెంబర్ 11న టెక్సాస్‌లోని ఈగిల్ లేక్ దగ్గర గాల్లోనే ముక్కలైన కాంటినెంటల్ ఎక్స్‌ప్రెస్ 2574 విమానం సంగతి తీసుకున్నాను. లారెడో నుంచి హ్యూస్టన్ వస్తున్న చిన్న ప్రొపెల్లర్ విమానం, బ్రసీలియా రకం. ఉన్న 14 మందీ పోయారు.

దాని తోకకి తిరిగి బిగించకుండా వదిలేసిన స్క్రూలు 47. అన్నీ చేత్తో పట్టుకుని చూపించాలనిపించింది. రాణిగంజ్‌లో అడిగితే, "వంద ప్యాకెట్టే, విడిగా ఇవ్వం" అన్నాడు షాపాయన. పక్కన నట్లు ఏరుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే అడిగారు: "ఈగిల్ లేకా బాబూ?"

విమానాల దగ్గర పనిచేసి రిటైరైన ఫిట్టరట. ప్యాకెట్ తనే కొని, మెట్ల మీద పేపర్ పరిచి, అయిదేసి చొప్పున లెక్కపెట్టారు. లెక్కపెడుతూనే చెప్పుకొచ్చారు. ముందు రోజు రాత్రి తోక రెక్క అంచుల మీది డీ-ఐసింగ్ బూట్లు, అంటే పేరుకున్న మంచును విదిల్చే రబ్బరు తొడుగులు, మార్చే పని. సాయంత్రం షిఫ్ట్‌లో రెండు వైపులా పై వరస స్క్రూలు తీసేశారు. తర్వాతి షిఫ్ట్ కుడి వైపు పని మాత్రమే ముగించింది. ఎడమ వైపు కూడా తీసి ఉన్నాయన్న మాట వాళ్లదాకా రాలేదు. తోక అంత ఎత్తున ఉంటే కింద నిలబడిన వాడికి పైభాగం ఏం కనబడుతుంది? పొద్దున లారెడోకి బాగానే వెళ్లింది. తిరిగొస్తూ కిందికి దిగేటప్పుడు ఆ అంచు ఊడిపోయింది, ముక్కు ఒక్కసారిగా నేలవైపు తిరిగింది.

47 స్క్రూలూ నా దోసిట్లో పోశారు. దోసిలి నిండలేదు.

అప్పుడు నా సంగతి చెప్పేశాను, ఇంట్లో కూడా చెప్పని సంగతి. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. "ఆ రోజు వరసగా ఎన్నో నైటు?" అన్నారు. ఆరోది అన్నాను. "అది కూడా క్లాసులో చెప్పు."

అంతే, రాణిగంజ్ నడిబజార్లో ఏడ్చేశాను. రెండు నెలల్లో ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. నాతో రాయించుకున్న సంజాయిషీ కాగితంలో నా పేరుకీ నా తప్పుకీ చోటుంది, ఆరు నైట్లకి లేదు. ఈగిల్ లేక్ ప్రమాదం మీద అమెరికా దర్యాప్తు బోర్డులో సభ్యుడు జాన్ లాబర్ ఒక్కరే విడిగా రాశారు, పద్ధతులు పాటించే వాతావరణం తేలేకపోయిన యాజమాన్యాన్నీ కారణంలో చేర్చాలని. ఆ పేజీ కూడా చదివి వినిపించాను. పైవాళ్లు వాచీలు చూసుకున్నారు, చూసుకోనీ.

అమ్మానాన్నలకీ మా ఆవిడకీ థాంక్స్ చెబితే నవ్వుతారు. అన్నట్టు, ప్రొజెక్టర్ సర్దిపెట్టిన స్టోర్స్ అన్న, రాత్రి రెండింటికి టీ తెచ్చిన క్యాంటీన్ కుర్రాడు... అయ్యో, ఆ రోజు ప్యానెల్ చూసి పట్టుకున్న మార్నింగ్ షిఫ్ట్ తమ్ముడు! వాడిని మొదటే రాయాల్సింది.

పెద్దాయనా, మీ పేరు అడగలేదు, డబ్బులూ ఇవ్వలేదు. మిగతా 53 స్క్రూలు మీ సంచిలోనే ఉన్నాయి.