పశుసంవర్ధక శాఖ అధికారి గారికి: సోలార్ కంటే ముందు షెడ్డు చూడండి

అయ్యా, నమస్కారం.

షెడ్ల మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకోమంటున్నారు, మంచిదే, కానీ అంతకంటే ముందు ఆ షెడ్డులో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూసి చెప్పే మనిషిని పంపండి. ఫ్యాను రెక్కల మీద, షట్టర్ల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు కాలుతూనే ఉంటుంది, గాలి మాత్రం తగ్గిపోతుంది. లెక్క ప్రకారం ఫ్యాను వేగం సగం చేస్తే దానికి కావాల్సిన పవర్ 8వ వంతుకి పడిపోతుంది, అందుకే వేగం మార్చే కంట్రోలర్లకి సాయం అడుగుతున్నాం.

కోడిపిల్లల సంగతి చూస్తే మనసు కష్టంగా ఉంటుంది. మొదటి వారం 32 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి, అదే సమయంలో తేమ, అమ్మోనియా బయటికి పోవాలంటే గాలి ఆడాలి. బిల్లుకి భయపడి ఫ్యాన్లు ఆపేస్తే నష్టపోయేది ఆ పిల్లలే. సందులు మూసి, పైకప్పుకి ఇన్సులేషన్ వేస్తే ఆ టెన్షన్ చాలా తగ్గుతుంది.

పాలు పితికినప్పుడు 35 డిగ్రీల దగ్గర ఉంటాయి, 4కి దించాలి. ముందు మామూలు నీళ్లతో ప్లేట్ కూలర్‌లో (పలుచని రేకులకి ఒకవైపు పాలు, ఇంకోవైపు నీళ్లు పారే పరికరం) కాస్త చల్లబరిస్తే, పాలు చల్లబరిచే మెషీన్ కంప్రెసర్‌కి అంత పని ఉండదు.

సబ్సిడీలో ఇవన్నీ కూడా చేర్చండి, దయచేసి.

ఇట్లు,
ఒక పశుపోషకుడు